బంగారి చిక్కం

యలహంక,
14 జూన్ 1992

పెంటయ్య బావకు, రాజవ్వ అక్కకు ఓదెలు దండాలు.

మీ ఇన్లాండ్ కవరు అందింది. కిష్టారెడ్డిపేటలో వానలు పడ్డాయని, కంపెనీలో నీకు సెకండ్ షిఫ్టు వేశారని రాశావు గానీ మైలెద్దు కాలు ఎట్లా ఉందో రాయలేదు. ఈసారి మరిచిపోకు.

ఇక్కడ నేను పరేషాన్‌లో ఉన్నాను బావా. బంగారికి బాగాలేదు. మా స్వారీ బడిలో అన్నిటికంటే వయసు మళ్లిన ఎర్ర ఆడగుర్రం అది. కాగితాల్లో దాని పేరు ఇంగ్లీషులో బారెడు ఉంటుంది, బంగారి అని పిలిచేది నేనొక్కణ్ణే. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో లద్దె ఎత్తే పని కూడా నాకు చాతకాదని, కన్నడం రాదని, మేస్త్రీ నన్ను తిరిగి పొమ్మన్నాడు. పెట్టె సర్దుకుని లాయం ముందు నిలబడితే, అందరినీ కరిచే ఈ గుర్రం వచ్చి నా భుజం మీద తల పెట్టి నిలబడింది. బడి నడిపే మా మేడం అది చూసి "ఈ అబ్బాయి ఉండనీ" అంది. అప్పటి నుంచి నేను తినే అన్నం అది పెట్టిందే.

పోయిన నెల దానికి కడుపులో శూల లేచింది. కింద పడి పొర్లింది. గుర్రానికి కక్కు రాదట బావా, లోపలికి పోయింది ఇక లోపలే తిరగాలి. డాక్టరు రామలింగేశ్వరరావు గారు ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోసి కాపాడారు. "దీని పేగు బలహీనపడింది ఓదెలూ. మెత్తటి మేత, అదీ మనం పెట్టినంతే తినాలి. ఎండుగడ్డి కడుపులోకి పోతే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. ఇదేమో కింద పరిచిన గడ్డి తింటుంది. గడ్డి తీసేసి చెక్కపొట్టు పరిస్తే పొట్టు తింటుంది. ఏమీ పరచకపోతే బండ మీద నిలబడి మోకాళ్లు వాస్తున్నాయి.

తోలుతో చేసిన మూతిబుట్ట కట్టి చూశాం. తడిసి గట్టిపడి రెండు దవడలూ పుండ్లు చేసింది. ఇనుప జాలీది కడితే గోడకేసి రాసి చిగుళ్లు కోసుకుంది. మేడం నిన్న నన్ను పిలిచి, "మళ్లీ శూల వస్తే దాన్ని అట్లా పొర్లనివ్వను ఓదెలూ, సూది వేయించి పంపించేద్దాం" అంది. చెడ్డ మనిషి కాదు. ఆ మాట అంటూ ఏడ్చింది.

కల్లంలో గింజలు తినకుండా నాయిన ఎడ్ల మూతికి కట్టే చిక్కం నీకు గుర్తుంది కదా. మెత్తగా ఉండేది, తెగేది కాదు. అట్లాంటిది గుర్రానికి ఒకటి అల్లి పంపు. రోజంతా ఉండాలి, రాపిడి పెట్టకూడదు, అది నమలకూడదు. బంగారి మూతి కొలతలు దారానికి ముడులు వేసి ఇందులో పెట్టాను. ఎర్ర దారం చుట్టుకొలత, తెల్లది పొడవు.

నీ బామ్మర్ది,
ఓదెలు

*

కిష్టారెడ్డిపేట,
28 జూన్ 1992

బామ్మర్ది ఓదెలుకు,

నీ దారాలు విప్పి చూసి మీ అక్క నవ్వింది. మూతి కొలత అంటే ఎవరికి జాకెట్టు కుట్టాలి అని అడిగింది.

చిక్కం అల్లి ఎన్నేళ్లయిందో. మన దిక్కు కల్లం కొట్టేది ఇప్పుడు ట్రాక్టరే. నైలాను తాడు కోసం సంగారెడ్డిలో రాజేశ్వర్ దుకాణానికి పోయి, చిక్కానికి అని చెప్తే, వాడు బల్ల మీద చెయ్యి వేసి, "గిప్పుడు చిక్కమేంది పెంటన్నా, ట్రాక్టరు మూతికి కడ్తవా?" అన్నాడు. గుర్రానికి అని చెప్పాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. ఇదంతా నీ పుణ్యమే.

కంపెనీలో భోజనం గంట కొట్టినప్పుడు కూర్చుని అల్లాను. పక్క మిషను మీద పనిచేసే బీహారు పిల్లగాడు "క్యా భయ్యా, ఝూలా బున్ రహే హో?" అని అడిగాడు. వాడికి ఉయ్యాల లాగా కనపడింది. అల్లికలో కన్ను మరీ చిన్నది కాకుండా, పెదవి బయటికి రాకుండా అల్లాను. గట్టితనం గురించి నీకు భయం వద్దు. రెండు చేతులతో లాగి చూశాను, పళ్లతో కూడా లాగి చూశాను.

పార్సిలు వేరే పంపాను. కట్టి చూసి రాయి. బంగారి జాగ్రత్త. దానికి మేం కూడా రుణపడి ఉన్నాం, నువ్వు పట్నం పోయి చెడిపోతావని అత్తమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

పెంటయ్య

*

యలహంక,
9 జులై 1992

బావకు,

పార్సిలు వచ్చింది. విప్పి బంగారి ముందు నిలబడి చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. అల్లిక గురించి చెప్పడానికి మాటలు లేవు. పైనుంచి రెండు తాళ్లు వేలాడుతున్నాయి. అవి ఎక్కడ కట్టాలా అని చూశాను. మా మేస్త్రీని పిలిచి చూపించాను. ఆయనా చూశాడు.

బావా, గుర్రానికి కొమ్ములు లేవు.

నేను నవ్వీ నవ్వీ కింద కూర్చున్నాను. ఈ నెలలో నేను నవ్వింది అదే. చెవుల వెనక కట్టి చూశాను గానీ తల విదిలిస్తే జారి మెడలోకి వచ్చింది. దండ వేసుకున్న పెళ్లికూతురి లాగా నిలబడింది.

తప్పు నీది కాదు. దారాలు పంపినవాణ్ణి నేను, తల ఎట్లా ఉంటుందో రాయనిదీ నేనే. ఎడ్ల చిక్కం అన్నాను, నువ్వు ఎద్దుకే చేశావు. జెర మళ్లీ ప్రయత్నం చెయ్యి. పగలంతా నేనే దాని పక్కన నిలబడి గడ్డి తినకుండా కాపలా కాస్తున్నాను, మిగతా గుర్రాల పని ఎవరు చేస్తారని మేస్త్రీ గులుగుతున్నాడు.

మైలెద్దు సంగతి మళ్లీ రాయలేదు నువ్వు.

ఓదెలు

*

కిష్టారెడ్డిపేట,
26 జులై 1992

ఓదెలుకు,

కొమ్ముల సంగతి మీ అక్కకు చదివి వినిపించడం నాది బుద్ధి తక్కువ. ఊరంతా తెలిసింది. నీళ్ల బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి చీర కొంగులు అడ్డం పెట్టుకుంటున్నారు. నాకు మస్తు కోపం వచ్చింది. నీ మీద కాదు, నా చేతుల మీద. ఎన్ని వందల చిక్కాలు కట్టాయో, కళ్లతో పని లేకుండా కొమ్ముల తాళ్లు వేసేశాయి.

ఇట్లా కాదని ఆదివారం బీరంగూడ పోయాను. అక్కడ పెద్దరాములు అని, పెళ్లి బరాతులకు గుర్రాన్ని కిరాయికి ఇస్తాడు. తెల్ల గుర్రం. నేను పోయి దాని మూతి ముందు కూర్చున్నాను.

"ఏందే, గట్ల సూస్తున్నవ్? కొంటవా ఏంది?" అన్నాడు.

"కొనను. మూతి సూస్తున్న."

"మూతి సూసుడేంది? పండ్లు సూస్తరు, కాళ్లు సూస్తరు."

నీ గుర్రం సంగతి మొత్తం చెప్పాను. అప్పుడు కుర్చీ తెచ్చి వేశాడు. గుర్రం ముక్కు ముందు చెయ్యి పెట్టమన్నాడు. పెడితే వేడి గాలి. తర్వాత దాని నోరు తెరిచి పట్టుకుని, "ఇప్పుడు పెట్టు" అన్నాడు. నోట్లోంచి ఏమీ రావడం లేదు. "ఎద్దు నోటితోని రొప్పుతది. గుర్రానికి ముక్కొక్కటే తొవ్వ. నీ చిక్కం గిట్ల ముక్కు మీద వడ్డదనుకో, ఇగ అంతే" అన్నాడు. మొదటి చిక్కం నిలవకపోవడమే మేలయింది ఓదెలూ. కొమ్ములు లేనందుకు బంగారికి దండం పెట్టాను.

నీళ్లు తాగేది కూడా చూశాను. పెదవులు ముంచి పీలుస్తుంది. అడుగు మూసి ఉంటే బుట్టలో నీళ్లు నిలుస్తాయి. అందుకని ఈసారి బుట్ట అడుగున పెద్ద కన్నాలు పెట్టాను. చెవుల వెనక ఒక పట్టీ, గొంతు కింద ఒకటి, నుదుటి మీద ఒకటి, మూడూ కలిస్తే జారదు. పట్టీలు మా కంపెనీలో లారీల మీదికి మిషన్లు ఎత్తడానికి నేసే నైలాను పట్టీ ముక్కలు. ఫోర్‌మెన్‌ను అడిగే తెచ్చాను. ఇవి తెగాలంటే బంగారి చాలదు, ఏనుగు కావాలి.

పెద్దరాములు కిరాయి గుర్రాన్ని అంతసేపు ఊరికే నా ముందు నిలబెట్టినందుకు నా దగ్గర ఏమీ తీసుకోలేదు. నీ గుర్రం బతికితే చెప్పు అన్నాడు, అంతే.

పెంటయ్య

*

యలహంక,
17 ఆగస్టు 1992

బావకు,

రెండో చిక్కం నిలబడింది. నీళ్లు తాగింది, ముక్కుకు అడ్డం రాలేదు, గోడకేసి రాసినా చెక్కు చెదరలేదు. డాక్టరు గారు తిప్పి తిప్పి చూసి "ఎవరు చేశారయ్యా ఇది" అన్నారు. మా బావ అని చెప్పాను, ఛాతీ కొంచెం పైకి లేచింది.

కానీ బావా, పట్టీ అంచు కత్తి లాగా ఉంది. దవడ ఎముక మీద పాత పుండు మానిన చోటే మళ్లీ వెంట్రుక ఊడింది, ఎర్రబడింది. మందు పూసి ఆరనిద్దామని ఒక మధ్యాహ్నం తీసి ఉంచాను. నేను నీళ్లు తేవడానికి పోయి వచ్చేలోపు పక్క గుర్రం గడ్డి మెడ చాచి లాగి తినేసింది. సాయంత్రానికి కడుపు గట్టిపడింది. పడుకోబోతుంటే పడుకోనివ్వకుండా నడిపిస్తూనే ఉన్నాను. మేడం డాక్టరుకు ఫోను చేయించి, సూది కూడా తెమ్మంది. ఆయన వచ్చేసరికి బంగారి లద్దె వేసింది. లద్దెను చూసి చేతులు జోడించినవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? నేను జోడించాను.

మేడం వచ్చే నెలాఖరు దాకా చూస్తానంది. ఆ తర్వాత నన్ను అడగవద్దు అంది.

ఓదెలు

*

కిష్టారెడ్డిపేట,
3 సెప్టెంబరు 1992

ఓదెలుకు,

నీ ఉత్తరం చదివి ఆ రోజు డ్యూటీకి పోలేదు. మంచి పట్టీ అని మురిసిపోయాను గానీ అది మిషన్లు ఎత్తే పట్టీ, చర్మం మీద ఉండే పట్టీ కాదు.

మూడోది కొత్తగా మొదలుపెట్టి అంచులన్నీ లోపలికి మడిచి కుట్టాను. ఈసారి ఇనుప రివిట్లు వేయలేదు, చెమటకు తుప్పు పడతాయి. అన్నీ దబ్బనంతో కుట్టినవే. బుట్ట అడుగుకు రబ్బరు బెల్టు ముక్కను గుండ్రంగా కోసి కన్నాలు వేశాను, ఇక పళ్లు ఆనినా అరగదు. బుట్టకూ పెదవికీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలాను. మిగిలింది దవడ. స్పాంజి పెడితే చెమట పీల్చి కంపు కొడుతుంది, బట్ట పెడితే తడిసి గట్టిపడుతుంది. ఏం పెట్టాలో తోచక చిక్కాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మీ అక్క అటుక మీది నుంచి మామ గొంగడి దించింది. మీ నాయిన పోయినప్పటి నుంచి మడత విప్పలేదది. "వానల తడిసినా లోపల పొడిగనే ఉంటుండె నాయిన. పురాగ మెత్తవడ్డది. కొయ్యి" అంది. నాకు చెయ్యి రాలేదు. కత్తెర నా చేతిలోంచి తీసుకుని తనే కోసింది. చెంపల కిందా, ముక్కు మీదా, చెవుల వెనకా రెండు మడతలు వేసి కుట్టాను. మిగతాది మళ్లీ మడిచి పైన పెట్టింది.

బెంగుళూరు పోయే లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను, పోస్టు కంటే జల్దీ అందుతుంది.

పెంటయ్య

*

యలహంక,
11 సెప్టెంబరు 1992

బావకు, అక్కకు,

అందింది. విప్పగానే నాయిన వాసన వచ్చింది. లాయంలో కూర్చుని ఏడ్చాను. ఎవరైనా చూస్తారని లేచిపోలేదు, చూస్తే చూడనీ అనుకున్నాను.

చిక్కం బాగుంది. కొలత సరిపోయింది, రాపిడి లేదు, వేలు పెట్టి తడిమి చూశాను. కానీ బంగారి కట్టనివ్వడం లేదు. పాతవి పెట్టిన బాధ దానికి గుర్తుంది. చిక్కం చేతిలో కనపడితే చాలు, తల పైకెత్తి వెనక్కి పోతుంది. మేస్త్రీ ముక్కుకు తాడు బిగించి కడతానన్నాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే కట్టాం. కట్టినంత సేపూ అది నన్నే చూసింది బావా. కరవలేదు. ఊరికే చూసింది. నాకు అన్నం పెట్టినదాని నోరు నేను కడుతున్నాను.

రోజూ రెండు పూటలు మేతకు తీయాలి, మళ్లీ కట్టాలి. పెనుగులాటలో దానికి చెమటలు పట్టి రొప్పు వస్తోంది. ఇది చూసి మేడం "ఇంత హింస ఎందుకు ఓదెలూ, పోనిద్దాం" అంటోంది. నీ పనిలో లోపం లేదు. నా చేతులే ఆడడం లేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి.

ఓదెలు

*

కిష్టారెడ్డిపేట,
16 సెప్టెంబరు 1992

ఓదెలుకు. ఇది మీ అక్క చెప్తుంటే నేను రాస్తున్నాను. ఆమె మాట మార్చితే ఊరుకోనంది, అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తమ్మీ, ఏడ్వకు. నాయిన చిక్కం కట్టెటప్పుడు నువ్వు బడిల ఉంటుంటివి, నీకు ఎరుకలేదు. మీ బావోళ్ల ఇంట్ల ఎట్ల కట్టెటోళ్లో నాకు తెల్వదు. మన కల్లంల ఉత్త చిక్కం ఎన్నడు కట్టలే. నేను చాటలకెల్లి పిడికెడు జొన్నలు తెచ్చి చిక్కంల పోసేదాన్ని. నాయిన గది వట్టుకొని ఎద్దు ముందల నిలవడేటోడు. ఎద్దు మీదికి పోయేటోడు కాదు. ఎద్దే వచ్చి మూతి పెట్టేది. అది తినుకుంట ఉంటె ఎన్కకెల్లి తాడు ముడేసేటోడు. ఎందుకు నాయినా అని అడిగితె, "మన పంట తొక్కుతున్నది బిడ్డా, ఉత్త నోరు కడ్తె మన ఇంటికి మంచిది కాదు" అనేటోడు.

మీరిద్దరు మొగోళ్లు ముడి యాదికి వెట్టుకున్నరు, జొన్నలు మర్సిండ్రు.

మీ డాక్టరు సారును అడిగి తవుడు నానవెట్టు, జెర బెల్లం కలుపు. చిక్కంల పొయ్యి. దాని ముందల పట్టుకొని నిలవడు. కట్టకు. ఇయ్యాల కట్టకున్నా మంచిదే. అది ఎన్నడు మూతి పెడితె గప్పుడే.

ఇంకొక మాట. మైలెద్దు ఎట్లున్నదని ప్రతిసారి అడుగుతున్నవ్.

(ఇది రాయనని అన్నాను. రాస్తేనే అన్నం పెడతానంది. పెంటయ్య)

ఎడ్లను ఎండకాలంలనే అంగట్ల అమ్మినం తమ్మీ. కంపెనీల మురికి గలిసినంక వాగు నీళ్లు తాగుతలేవు, మైలెద్దు కాలు బాగైతలేదు. అమ్మిన్నాటి నుంచి మీ బావ కొట్టంల అడుగు వెట్టలే. ఇంట్ల మాట లేదు, కోపం సుత లేదు. నీ గుర్రం చిక్కం అల్లెతందుకే మళ్ల పోయి కొట్టంల కూసున్నడు. దబ్బనం ఏడ వెట్టినవని పాతలెక్క నా మీద ఒర్లుతున్నడు. నాకు గదే సాలు. నీ బంగారికి నా దండం చెప్పు.

రాజవ్వ

*

యలహంక,
27 సెప్టెంబరు 1992

అక్కకు, బావకు,

ముందు మైలెద్దు గురించి. బావా, నేను అడిగి అడిగి నిన్ను బాధ పెట్టాను. నాకు తెలియదు.

అక్క చెప్పినట్టే చేశాను. మొదటి రోజు బంగారి మూల నుంచి కదల్లేదు. నేను చిక్కం పట్టుకుని నిలబడ్డాను, చేతులు గుంజాయి, తవుడు కన్నాల్లోంచి నా పాదాల మీద కారింది. మేస్త్రీ నవ్వాడు. మర్నాడు మెడ చాచి వాసన చూసి పోయింది. ఆ తర్వాత ఒక పొద్దున, నేను అటు తిరిగి మేడంతో మాట్లాడుతుంటే చేతిలో బరువు తెలిసింది. చూస్తే మూతి లోపల ఉంది. నాకుతోంది. మేడం నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను నెమ్మదిగా చెవుల వెనక పట్టీ వేశాను. తవుడు అయిపోయాక తల ఎత్తింది, ఒకసారి విదిలించింది, ఊరుకుంది. నాయిన గొంగడి దాని చెంపకు ఆని ఉంది.

నెలాఖరు మాట మేడం ఇక ఎత్తలేదు. పెద్దరాములుకు కూడా చెప్పు, గుర్రం బతికిందని.

ఓదెలు

*

కిష్టారెడ్డిపేట,
10 అక్టోబరు 1992

ఓదెలుకు,

బీరంగూడ పోయి పెద్దరాములుకు చెప్పాను. ఆయన చాయ్ తెప్పించాడు. తన గుర్రానికి కూడా ఒకటి కుట్టమన్నాడు. పెళ్లిళ్లలో పూలదండలు తింటుందట.

నువ్వు ఉత్తరంలో మాకు దండాలు పెట్టావు. పెట్టవలసింది నేను. ఎడ్లు పోయాక నా చేతులు కంపెనీలో మాత్రమే పనిచేశాయి, ఇంటికొస్తే వాటితో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. నువ్వు అడిగావు, బాగయింది.

కొట్టం ఊడ్చి లైటు పెట్టించాను.

పెంటయ్య

*

యలహంక,
21 మార్చి 1993

బావకు, అక్కకు,

చిక్కం ఇన్ని నెలలు వాడినా ఒక్క కుట్టు ఊడలేదు. గొంగడి నల్లబడింది, అంతే. వారానికోసారి ఉతికి నీడన ఆరబెడుతున్నాను. బంగారి దవడల మీద వెంట్రుకలు కొత్తగా మొలిచి, మిగతా ఒంటి కంటే ఎర్రగా మెరుస్తున్నాయి.

నిన్న డాక్టరు గారు వచ్చి కడుపు మీద చెవి పెట్టి విన్నారు. "పేగు బలపడింది. ఎండుగడ్డి తిన్నా ఇక భయం లేదు. చిక్కం తీసెయ్యి ఓదెలూ" అన్నారు. మేడం బంగారి మెడ పట్టుకుని నిలబడింది. నేను చిక్కం విప్పి గోడకున్న కొయ్యకు తగిలించాను. అందరూ పోయారు.

సాయంత్రం తవుడు బకెట్లో పోసి ముందు పెట్టాను. వాసన చూసింది, ముట్టుకోలేదు. గడ్డి వేశాను, అదీ ముట్టుకోలేదు. మళ్లీ శూల వచ్చిందేమో అనుకున్నాను. కడుపు తడిమి చూశాను, మెత్తగానే ఉంది. అది గోడ వైపే చూస్తోంది. ఏం చూస్తోందా అని నేనూ చూశాను.

కొయ్య మీది నుంచి చిక్కం దించాను. తవుడు అందులో పోసి రెండు చేతులతో దాని ముందు పట్టుకున్నాను. వచ్చి మూతి పెట్టింది. తినడం అయ్యేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

పట్టీ కట్టలేదు.

మీ
ఓదెలు